ఎన్ని? ఎటు?

1962 ఆగస్టు 31. అమెరికా దక్షిణాన మిసిసిపీ రాష్ట్రంలో, ఇండియనోలా అనే ఊరి కోర్టు ముందు ఒక పాత బస్సు వచ్చి ఆగింది. 18 మంది నల్లజాతి వాళ్లు దిగారు. అందరూ పత్తి చేలల్లో బతుకు వెళ్లదీస్తున్నవాళ్లే. ఓటర్ల జాబితాలో పేరు రాయించుకుందామని వచ్చారు. వాళ్లలో ఫానీ లూ హేమర్ అనే 44 ఏళ్ల ఆవిడ ఉంది. ఒక దొర తోటలో 18 ఏళ్లుగా పని. కూలీలు ఎన్ని గంటలు చేశారో, ఎంత పత్తి తీశారో చూసి పద్దు రాయడం ఆమె వంతు. దొర కాటా కూలీల పొట్ట కొడుతోందని గ్రహించి, ఆయన దగ్గర లేనప్పుడు సరైన తూకపురాయి పెట్టి తూచేదని ఆమె గురించి చెబుతారు. అంటే లెక్క బాగా తెలిసిన మనిషి.

కోర్టులో గుమాస్తా ఆమెకు 21 ప్రశ్నల కాగితం ఇచ్చాడు. అది నింపాక అసలు పరీక్ష ఉంది. రాష్ట్ర రాజ్యాంగంలో 285 సెక్షన్లున్నాయి. గుమాస్తా వాటిలో ఏదో ఒకటి తీసి చూపిస్తాడు. దాన్ని ఎత్తి రాసి, అర్థం సొంత మాటల్లో చెప్పాలి. ఏ సెక్షన్ ఇవ్వాలన్నది గుమాస్తా ఇష్టం. చెప్పిన అర్థం సరిపోయిందా లేదా అన్నదీ ఆయన ఇష్టమే. హేమర్ ముందుకు వచ్చింది ‘డి ఫ్యాక్టో’ చట్టాల సంగతి. లాయర్లు తప్ప మామూలు మనుషులు వాడని మాట అది. ఆమె తప్పింది. ఇంటికి చేరగానే, పేరు వెనక్కి తీసుకో, లేకపోతే తోట వదిలిపో అన్నాడు దొర. ఆ రాత్రే ఆమె తోట వదిలేసింది.

ఆ పల్లెల్లో తిరిగి ఇలాంటి వాళ్లను కూడగట్టినవారిలో బాబ్ మోజెస్ ఒకరు. అప్పటికి ఏడాది కిందటిదాకా ఆయన న్యూయార్క్‌లో లెక్కల మాస్టారు. ఇరవై ఏళ్లు తిరిగాక మళ్లీ లెక్కల తరగతిలోనే తేలారు. అక్కడ పిల్లలకు బీజగణితం ఎందుకు ఎక్కడం లేదన్న చిక్కుముడిని విప్పడానికి మిసిసిపీలో నేర్చుకున్నదంతా ఖర్చుపెట్టారు. ఆ ముడి వీడిన తీరే ఈ కథ.

మోజెస్ 1935లో న్యూయార్క్ హార్లెంలో పుట్టారు. పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్లలో పెరిగారు. స్కాలర్‌షిప్ మీద డిగ్రీ చదివి, 1957లో హార్వర్డ్‌లో తత్వశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేశారు. పీహెచ్‌డీ మధ్యలో ఉండగా తల్లి పోయింది, తండ్రి ఆసుపత్రి పాలయ్యాడు. చదువు ఆపి ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారుగా చేరారు. 1960 ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరో ఊళ్లో నల్లజాతి విద్యార్థులు తమకు వడ్డించని హోటల్ బల్లల దగ్గర బైఠాయించారు. ఆ కుర్రాళ్ల ముఖాలు పత్రికలో చూసి మోజెస్ కుదురుగా ఉండలేకపోయారు. వేసవి సెలవుల్లో దక్షిణాదికి బయల్దేరారు.

అక్కడ ఆయనకు ఇద్దరు గురువులు దొరికారు. ఎల్లా బేకర్ అనే పెద్దావిడ, నాయకుడు ముందుకెళ్లి ఉపన్యాసమిస్తే జనం కదలరని, జనం తమ గోడు తామే చెప్పుకునేలా చోటివ్వాలని నేర్పింది. ఆమ్జీ మూర్ అనే మిసిసిపీ పెద్దమనిషి, హోటల్ బల్లలు కాదు, ముందు ఓటు అన్నారు. 1961లో మోజెస్ పూర్తిగా వచ్చేశారు. ఆ ఆగస్టులో ఆయన్ను తల పగిలేలా కొట్టారు. సెప్టెంబరులో, ఈ ఓటరు నమోదు పనికి తోడు నిలిచిన హెర్బర్ట్ లీ అనే రైతును స్థానిక శాసనసభ్యుడే పట్టపగలు కాల్చి చంపాడు. శిక్ష పడలేదు.

1963లో ఫెడరల్ కోర్టులో జడ్జి మోజెస్‌ను ఒక ప్రశ్న అడిగాడు. చదువురాని వాళ్లను ఓటరు నమోదుకు ఎందుకు తీసుకొస్తున్నారు? ఒక జాతికి జాతినే చదువుకు దూరంగా ఉంచి, మళ్లీ చదువు రాదు కాబట్టి ఓటు లేదనడం కుదరదని మోజెస్ జవాబు సారాంశం. జడ్జి ప్రశ్న పైకి ఎంత న్యాయంగా వినిపిస్తుందో చూడండి. చదువుకోనివ్వనిదీ వాళ్లే, చదువులేదని తలుపు మూసిందీ వాళ్లే. 1964లో మిసిసిపీలో ఓటు వయసున్న నల్లజాతి వాళ్లలో నూటికి ఏడుగురు కూడా జాబితాలో లేరు. 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చి ఆ అక్షరాస్యత పరీక్షలను నిలిపేసింది.

ఆ తర్వాతి పదేళ్లు త్వరగా చెప్పేస్తాను. వియత్నాం యుద్ధానికి రమ్మని 1966లో తాఖీదు వస్తే, మోజెస్ కెనడాకు వెళ్లిపోయారు. పెళ్లి చేసుకుని, 1969లో భార్య జానెట్‌తో టాంజానియా చేరి, కిలిమంజారో ప్రాంతంలో సామే అనే చిన్న ఊళ్లో పిల్లలకు లెక్కలు చెప్పారు. ఇంట్లో స్వాహిలీ మాట్లాడే పిల్లలు హైస్కూలు పాఠాలు ఇంగ్లీషులో వినే దేశం అది. తెలుగు మీడియంలో పదో తరగతిదాకా చదివి, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు లెక్కల పుస్తకం తెరిచిన మనలాంటి వాళ్లకు ఆ తరగతి ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. లెక్క తెలిసే ఉంటుంది. మాట దగ్గరే ఆగిపోతాం.

1976లో కుటుంబం అమెరికాకు తిరిగొచ్చింది. మోజెస్ ఆగిపోయిన పీహెచ్‌డీని మళ్లీ పట్టుకున్నారు. ఈసారి గణితానికి పునాదిగా ఉన్న తత్వం మీద. హార్వర్డ్ తత్వవేత్త విల్లర్డ్ క్వైన్ రాతల్లోని ఒక ఆలోచన ఆయన మనసులో పడి ఉండిపోయింది. అంకగణితమైనా, తర్కమైనా ఆకాశం నుంచి ఊడిపడలేదు, రోజూ మాట్లాడే మాటనే కట్టుదిట్టం చేసుకుంటూ పోతే వచ్చినవి అని. అప్పటికది ఒక సిద్ధాంతం మాత్రమే.

1982లో పెద్ద కూతురు మైషా ఎనిమిదో తరగతికి వచ్చింది. మాసచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ పేరున్న బడి. అక్కడ ఎనిమిదిలో బీజగణితం చెప్పరు. అది రాకుండా హైస్కూలుకు వెళ్తే పై లెక్కల తరగతుల్లోకి దారి దొరకదు, ఆ దారి లేకపోతే కాలేజీలో సైన్సు వైపు తలుపు తెరుచుకోదు. తండ్రి ఇంట్లో చెబుదామనుకున్నారు. బడి లెక్కలు ఒకటి, ఇంటి లెక్కలు ఒకటి, రెండు రెండు చేయడం తనవల్ల కాదని అమ్మాయి మొరాయించింది. అప్పుడాయన టీచరు మేరీ లూ మెర్లింగ్ దగ్గరికి వెళ్లి, మైషాను తరగతిలోనే ఓ పక్కన కూర్చుని బీజగణితం చేసుకోనివ్వమని అడిగారు. ఆవిడ ఇంకో మెట్టు పైకెక్కి, మీరే వచ్చి మరికొందరికి కూడా చెప్పండి అన్నారు. అదృష్టం కూడా తోడొచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే మోజెస్‌కు మెకార్థర్ ఫెలోషిప్ దక్కింది. కొన్నేళ్లపాటు సంపాదన చింత లేకుండా తనకు నచ్చిన పని చేసుకోవచ్చు. 47 ఏళ్ల వయసులో ఆయన ఆ డబ్బుతో ఎనిమిదో తరగతి గదిలో వచ్చి కూర్చున్నారు.

మొదటి ఏడాది నలుగురు పిల్లలు. ఏడాది చివర మైషా ఊరంతటికీ పెట్టే బీజగణితం పరీక్ష రాసింది. అంతకుముందు ఆ బడి పిల్లలెవరూ గట్టెక్కని పరీక్ష అది. మైషా గట్టెక్కింది.

సంతోషించి ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ తరగతిని పరకాయించి చూసిన మోజెస్‌కు మిసిసిపీ కనిపించింది. పిల్లల్ని ‘శక్తి’ని బట్టి గుంపులుగా కూర్చోబెట్టారు. పై గుంపులో ఎక్కువమంది మధ్యతరగతి తెల్ల పిల్లలు. కింది గుంపులో నల్ల పిల్లలు, పేదింటి పిల్లలు. కింది గుంపుకు బీజగణితం చెప్పరు, చెప్పరు కాబట్టి రాదు, రాదు కాబట్టి ఆ గుంపులోనే ఉంచుతారు. 1963లో జడ్జి అడిగిన ప్రశ్న వేషం మార్చుకుని ఇక్కడికి వచ్చింది.

తల్లిదండ్రులకు ఉత్తరాలు వెళ్లాయి. మీ పిల్లకు బీజగణితం కావాలా అంటే, దాదాపు ప్రతి ఇల్లూ కావాలనే రాసింది. పిల్లలందరికీ చెప్పాలా అంటే మాత్రం అంతమంది ఔననలేదు. ఆ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి తల్లిదండ్రుల ముందుంచారు. ఎల్లా బేకర్ నేర్పిన పద్ధతి ఇదే. తీర్పు చెప్పరు, వాళ్ల మాటే వాళ్లకు వినిపిస్తారు. బీజగణితం ఏడు, ఎనిమిది తరగతుల్లో అందరికీ తెరుచుకుంది. పెద్దవాళ్లకు శనివారం ఉదయాలు తరగతులు పెట్టారు. పిల్లతోపాటు తల్లీ నోటుపుస్తకం తెరిచింది.

తలుపైతే తెరుచుకుంది గానీ లోపలికి వచ్చిన పిల్లల్లో చాలామంది గడప దగ్గరే తట్టుకుని పడ్డారు. ఎవరి వేగంతో వాళ్లను చేసుకోనిచ్చి చూశారు. మరిన్ని లెక్కలు ఇచ్చి చూశారు. బడి మొదలవకముందే పిలిచి విడిగా చెప్పించి చూశారు. పడినవాళ్లు మళ్లీ అక్కడే పడుతున్నారు. ఎక్కడంటే, ఋణ సంఖ్యల దగ్గర.

ఒక అబ్బాయి మోజెస్‌కు నిద్ర లేకుండా చేశాడు. తెలివైనవాడే. కూడికలూ తీసివేతలూ చకచకా చేస్తాడు. కానీ ఋణ సంఖ్య ఎదురైతే గుర్తును వదిలేసి అంకె ఒక్కటే చెబుతాడు. అలా కాదని చూపిస్తే తలూపుతాడు, మర్నాడు మళ్లీ అదే. మోజెస్ రోజుల తరబడి పక్కన కూర్చుని వాడు లెక్క చేస్తుంటే చూశారు, అడిగారు, విన్నారు. చివరికి ఆయనకు తట్టింది. వాడి జవాబు తప్పు కాదు. వాడు వేరే ప్రశ్నకు సరైన జవాబు చెబుతున్నాడు! చిన్నప్పటినుంచీ అంకె అంటే వాడి మనసులో ఒకటే ప్రశ్న: ‘ఎన్ని?’. వేళ్లెన్ని, గోళీలెన్ని, చాక్లెట్లెన్ని. బీజగణితం మొదటి రోజే చెప్పాపెట్టకుండా ఇంకో ప్రశ్న కలుపుతుంది: ‘ఎటు?’. మైనస్ మూడులో ‘మూడు’ ఎన్నికి జవాబు, ‘మైనస్’ ఎటుకి జవాబు. ఆ రెండో ప్రశ్న ఉందని పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ మన భాష సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మనం ‘తీసివేత’ అంటాం. ఆ మాటలోనే ఉచ్చు ఉంది. ఉన్నదాంట్లోంచే కదా తీసేది, మూడింట్లోంచి అయిదు ఎలా తీస్తారని పిల్లవాడు అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. మరోపక్క, 628లో బ్రహ్మగుప్తుడు వాడిన ధనం, ఋణం అనే మాటలనే ఇవాళ్టికీ మన పుస్తకాలు వాడుతున్నాయి. ధనమంటే చేతికి వచ్చిన సంపద, ఋణమంటే చేతినుంచి పోవలసిన అప్పు. ‘ఎటు?’ అన్న ప్రశ్న ఆ మాటల్లో దాదాపు పద్నాలుగు వందల ఏళ్లుగా కూర్చునే ఉంది. మనం మాత్రం బడిలో ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్’ అని వల్లెవేసి, బెల్లు కొట్టగానే బయటికి పరిగెత్తాం.

సరే, ‘ఎటు’ను పిల్లల మనసులోకి ఎక్కించేది ఏది? వాళ్లు రోజూ ఆ ప్రశ్నను అడిగే చోటు ఒకటి కావాలి. అది బడి దగ్గర్లోనే, భూమి కింద, పట్టాల మీద పరిగెడుతోంది. బోస్టన్ మెట్రోలో రెడ్ లైన్ కేంబ్రిడ్జ్ గుండా పోతుంది. స్టేషన్లోకి దిగగానే బోర్డులుంటాయి, ఒకటి ఊళ్లోకి, ఒకటి ఊరి బయటికి. ‘ఎటు?’ అనుకోకుండా అక్కడ ఎవరూ బండెక్కరు. మోజెస్ పిల్లల్ని వెంటేసుకుని రైలెక్కారు.

మనమూ ఎక్కి చూద్దాం. వరసగా హార్వర్డ్, సెంట్రల్, కెండల్, చార్లెస్, పార్క్ స్ట్రీట్ స్టేషన్లు. సెంట్రల్‌ను సున్నా అనుకుందాం. ఊళ్లోకి వెళ్లేవైపు ధనం, బయటికి వచ్చేవైపు ఋణం. కెండల్ 1, చార్లెస్ 2, పార్క్ స్ట్రీట్ 3. హార్వర్డ్ మైనస్ 1. ఇప్పుడు పార్క్ స్ట్రీట్‌లో ఎక్కి హార్వర్డ్‌లో దిగాం. ఎన్ని స్టేషన్లు, ఎటు? దిగిన చోటులోంచి ఎక్కిన చోటు పోగా, మైనస్ 1 మైనస్ 3, మైనస్ 4. అంటే నాలుగు స్టేషన్లు, బయటివైపు. తిరుగు ప్రయాణంలో హార్వర్డ్‌లో ఎక్కి పార్క్ స్ట్రీట్‌లో దిగితే, 3 మైనస్ మైనస్ 1. వేళ్లమీద స్టేషన్లు లెక్కపెట్టినవాడు ఠక్కున చెబుతాడు, ప్లస్ 4 అని. రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్ ఎందుకవుతుందో కళ్లముందే, కిటికీలోంచి కనబడుతుంది. ఇక్కడ ఎవరూ దేన్నీ ‘తీసివేయడం’ లేదు. రెండు చోట్లను పోల్చి చూస్తున్నారంతే. మూడింట్లోంచి అయిదు పోతే అన్న ప్రశ్నకు భయపడాల్సిన పనే లేదు. ఇంకో మాట. సున్నాను సెంట్రల్ దగ్గరే పెట్టాలని రూలేమీ లేదు. కెండల్ దగ్గర పెట్టినా, ఏ స్టేషన్‌కు ఏ అంకె అన్నది మారుతుంది గానీ ప్రయాణం మారదు.

అసలైన పని తరగతికి తిరిగొచ్చాక మొదలైంది, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నదీ అదే. మోజెస్ వెంటనే సుద్దముక్క అందుకుని సమీకరణాలు రాయలేదు. ముందు ప్రయాణాన్ని బొమ్మ గీయమన్నారు. తర్వాత దాని గురించి తమ మాటల్లో రాయమన్నారు, చదివి వినిపించమన్నారు. లెక్కల పీరియడ్‌లో వ్యాసం! ఏ యాసలో, ఏ ఇంటి మాటలో రాసినా ఫర్వాలేదు. ఆ రాతల్లోంచి ఏరుకుంటూ, మాటను కొంచెం కొంచెంగా బిగించడం తర్వాతి మెట్టు. ‘సీత రాజు కన్నా పొడుగు’ అనేది ఇంటి మాట. ఏ విషయం గురించి మాట్లాడుతున్నామో విడదీసి చెబితే, ‘సీత ఎత్తు, రాజు ఎత్తు కన్నా ఎక్కువ’ అవుతుంది. వినడానికి కాస్త బిరుసుగా ఉంటుంది, కానీ పోలుస్తున్నది మనుషుల్ని కాదు, ఎత్తుల్ని అని తేలిపోయింది. ఆ వాక్యం పలికాక, దాన్ని గుర్తుల్లో రాయడం చివరి మెట్టు. ఆ గుర్తులు కూడా ముందు పిల్లలే తమకు తోచినట్టు పెట్టుకుంటారు. అనుభవం, బొమ్మ, ఇంటి మాట, బిగించిన మాట, గుర్తు. ఈ అయిదు మెట్లే ‘ఆల్జీబ్రా ప్రాజెక్ట్’కు వెన్నెముక అయ్యాయి. మాటను బిగిస్తే గణితం వస్తుందన్న క్వైన్ ఆలోచన, గ్రంథాలయంలోంచి లేచి వచ్చి ఏడో తరగతి బెంచీ మీద కూర్చుంది.

మిసిసిపీ కోర్టులో, పైనుంచి ఇచ్చిన పరాయి వాక్యానికి గుమాస్తా మెచ్చే అర్థం చెప్పమన్నారు. ఇక్కడ పిల్లవాడి వాక్యంతోనే పాఠం మొదలవుతుంది. పుస్తకం దాకా వాణ్ని నడిపించేది వాడి మాటే. మోజెస్ దీన్ని గణిత అక్షరాస్యత అనేవారు. పత్తి చేలల్లో చదువు రాని కూలీకి 1960ల్లో ఓటు లేనట్టే, కంప్యూటర్ల కాలంలో బీజగణితం రాని పిల్లవాడికి బతుకుతెరువులో చోటుండదని ఆయన బాధ.

ప్రాజెక్టు కేంబ్రిడ్జ్ దాటి చికాగో, ఓక్లాండ్, అట్లాంటా వంటి నగరాలకు పాకింది. అన్ని ఊళ్లలో మెట్రో ఉండదు కదా. మెట్రో లేనిచోట బస్సు ప్రయాణమో, ఊళ్లో నడకో పాఠమైంది. నిష్పత్తుల కోసం ఆఫ్రికా డప్పుల పాఠాలు తయారయ్యాయి. పిల్లల చేతుల కింద సముద్రం అవతలి దరువు, ఒకరు రెండు కొట్టేలోపు ఇంకొకరు మూడు కొడితే ఎక్కడ కలుస్తారని లెక్క. దూరదేశపు మనుషులకూ లెక్క ఉందని, అది చెవికి ఇంపుగా ఉంటుందని ఆ గదిలో వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

1990ల్లో మోజెస్ మళ్లీ మిసిసిపీ వెళ్లారు. ఒకప్పటి ఓటు ఉద్యమ సహచరుడు డేవ్ డెన్నిస్ దక్షిణాది పనిని భుజానికెత్తుకున్నారు. అరవై దాటిన మోజెస్, జాక్సన్ నగరంలోని లానియర్ హైస్కూల్లో ఏళ్ల తరబడి తానే లెక్కలు చెప్పారు. వారమంతా అక్కడ, ఇల్లు మాత్రం కేంబ్రిడ్జ్‌లో. గొంతు పెంచి మాట్లాడే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఎంతసేపైనా ఊరుకునేవారు. 2021 జులై 25న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన పిల్లలు, శిష్యులు కలిసి 1996లో ‘యంగ్ పీపుల్స్ ప్రాజెక్ట్’ పెట్టారు. హైస్కూలు పిల్లలు చిన్న తరగతుల వాళ్లకు లెక్కలు నేర్పుతారు. అక్కడ ‘ఫ్లాగ్‌వే’ అని ఒక ఆట ఉంది, మోజెస్ కల్పించినదే. నేల మీద దారులు గీసి ఉంటాయి. చేతికి ఒక సంఖ్య ఇస్తారు. దాన్ని ప్రధాన సంఖ్యలుగా విడగొట్టాలి. 12 అయితే 2, 2, 3. ఒకటే రెండుసార్లు వచ్చింది కాబట్టి ఒక దారి. 15 అయితే 3, 5. వేర్వేరు, పైగా సరి సంఖ్యలో ఉన్నాయి, ఇంకో దారి. 30 అయితే 2, 3, 5. వేర్వేరు, బేసి, మూడో దారి. సంఖ్య అందుకున్న పిల్ల గీత దగ్గర ఆగి వేళ్లు ముడుస్తూ ఎన్ని అని చూసుకుంటుంది. ఎటు అని ఒక్క క్షణం తల తిప్పుతుంది. వెనకనుంచి జట్టు అరుస్తుండగా పరుగు తీస్తుంది.